కొత్త బందరు మ్యూజియం తేమ పుస్తకం

ఊరు కట్టాక 9,214వ రోజు. తేమ 46.

పొద్దున తలుపు తియ్యగానే నేను చేసే మొదటి పని మీటరు చూడటం. నలభై ఆరు ఉంది. నలభై అయిదుకి అటూ ఇటూగా ఉంటే చెక్కా, తోలూ, తాటాకూ అన్నీ నెమ్మదిగా ఉంటాయి. తేమ యంత్రంలో నాలుగు లీటర్లు పోసి దుమ్ము తుడిచాను. ఈ షెడ్డు ఒకప్పుడు అంతరిక్ష ఓడల్లో వచ్చిన సామాను దింపుకునే గోదాము. తలుపు ఎంత బిగించినా అంగారకుడి ఎర్రదుమ్ము ఎక్కడో ఒకచోట దూరుతుంది. ఊరు కట్టిన కొత్తలో ఎలా తుడిచేదాన్నో ఇప్పుడూ అలాగే తుడుస్తున్నాను.

మధ్యాహ్నం మరియదాసు బాబాయ్ ఇంటికి వెళ్ళాను. మ్యూజియంలో ఉన్నవాటితో పాటు జనం ఇళ్ళలో దాచుకున్నవి కూడా నమోదు చెయ్యడం నా ఉద్యోగంలో సగం. మొదటి ఓడలో వచ్చినవాళ్ళని తలా నాలుగు కిలోల సొంత సామాను తెచ్చుకోనిచ్చారు. బాబాయ్ ఆ నాలుగు కిలోల్లో తన డప్పు పెట్టుకుని, మిగిలిన చోట రెండు పంచెలు కుక్కుకున్నాడు. పల్నాటి మనిషి. డెబ్బై ఎనిమిదేళ్ళు. డప్పుని మ్యూజియంలో పెడదామని పదకొండేళ్ళుగా అడుగుతున్నా వద్దంటూనే ఉన్నాడు. కొలతలు తీసుకోవడానికి మాత్రం ఈ మధ్యే ఒప్పుకున్నాడు.

వెడల్పు, లోతు, బరువు రాశాను. చట్రం వేపచెక్క. తోలు మేకది. కట్టింది వాళ్ళ నాన్న. ఫారంలో 'ఉపయోగం' అని ఒక గడి ఉంటుంది. అందులో 'వాయిద్యం' అని రాశాను.

"ఏం రాశావు?" అన్నాడు. చదివాను.

"అదేం రాత అమ్మాయ్. చావుకి, పెళ్ళికి, జాతరకి, ఊళ్ళో చాటింపుకి అని రాయి. ఒక్కోదానికి దెబ్బ వేరు."

"గడి చిన్నది బాబాయ్."

"అయితే పెద్ద గడి ఉన్న కాగితం తెచ్చుకో."

కాగితం తిప్పి వెనకవైపు రాశాను. చావుదెబ్బ ఎలా ఉంటుందో బల్ల మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. డప్పు మీద కొట్టలేదు. ఇక్కడి పొడిగాలికి తోలు ఎప్పుడూ బిర్రుగానే ఉంటుందట. భూమ్మీదయితే వాయించబోయే ముందు మంట దగ్గర కాచి బిగించుకునేవాళ్ళు. ఇక్కడ కొడితే చిరుగుతుందేమోనని ఆయన భయం. వచ్చేటప్పుడు నాకు అరగ్లాసు టీ ఇచ్చి, తాను నా ఎదురుగా ఖాళీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తనది ముందే తాగేశానన్నాడు. అబద్ధం, గ్లాసు అడుగు పొడిగా ఉంది.

9,219వ రోజు. తేమ 45.

ఉత్తరాన మంచు గనిలో పెద్ద బర్మా విరిగింది. ఊరి నీళ్ళకి మంచు తవ్వేది అదొక్కటే. కొత్త బర్మా పక్క కాలనీలో తయారై బండి మీద రావాలి. ఇరవై మూడు రోజులు పడుతుందన్నారు. అందాకా మనిషికి రోజుకి ఏడు లీటర్లు. తాగినా, వండుకున్నా, ఒళ్ళు తుడుచుకున్నా అందులోనే.

మ్యూజియానికి సున్నా.

నీటి కమిటీ పెద్ద వీరభద్రం గారు కాగితం తనే తీసుకొచ్చారు. ఎవరిచేతైనా పంపించొచ్చు, పంపించలేదు. "రత్నం, వస్తువులన్నిటినీ పూర్తిగా నమోదు చేసెయ్యి. ఫొటోలు, కొలతలు, కథలు, అన్నీ. ఏదైనా పోయినా రికార్డు మిగులుతుంది" అన్నారు. ఆయన గొంతులో కాఠిన్యం లేదు. నేనూ వాదించలేదు. చంటిపిల్లలున్న ఊళ్ళో చెక్కలకి నీళ్ళు పొయ్యమని ఏ మొహంతో అడుగుతాను? సంతకం పెట్టాను.

ఆయన వెళ్ళాక తేమ యంత్రాన్ని ఆపాను. పదిహేనేళ్ళుగా ఆ చప్పుడు చెవిలో ఉంది. ఆగాకగానీ అది ఉందని తెలియలేదు.

9,222వ రోజు. తేమ 39.

మూడు రోజుల్లో ఆరు పడింది. చిన్న వస్తువులన్నిటినీ మూత బిగిసే ధాన్యపు డబ్బాల్లో సర్దాను. ఒక్కో డబ్బాలో తడిగుడ్డ ముక్క. ఆ తడి నా ఏడు లీటర్లలోదే. అరవై ఒక్క వస్తువులు అలా గట్టెక్కాయి. డబ్బాల్లో పట్టనివి పద్నాలుగు మిగిలాయి. మొక్కల గుమ్మటంలో తేమ ఎక్కువే గానీ, పాత చెక్కనీ తోలునీ అక్కడికి రానివ్వరు. వాటి బూజు పంటకి పాకితే ఊరంతా పస్తు.

ఆ పద్నాలుగులో నాలుగు మంచం కోళ్ళు. గుండ్రంగా చెక్కి లక్కరంగు వేసినవి. తిరుపతమ్మ పిన్ని వాళ్ళు నలుగురు అక్కచెల్లెళ్ళు. నలుగురూ పుట్టింది ఆ మంచం మీదే. ఓడ ఎక్కేటప్పుడు తలా ఒక కోడు సామానులో పెట్టుకున్నారు. ఇక్కడికొచ్చాక నాలుగూ కలిపి, ఇనప గొట్టాలు బిగించి మళ్ళీ మంచం చేసుకున్నారు. ఇప్పుడు మిగిలింది పెద్దావిడ తిరుపతమ్మ పిన్నే. మంచం విప్పి కోళ్ళు మ్యూజియానికి ఇచ్చింది. వారానికొకసారి చూసి వెళుతుంది.

సాయంత్రం మరియదాసు బాబాయ్ వచ్చాడు. చంకలో డప్పు, పంచెలో చుట్టి.

"ఇంట్లో దీని తోలు దానంతటదే టిక్కుటిక్కుమంటోంది. నీ దగ్గర గాలి కాస్త మెత్తగా ఉంటదంటగా. ఉంచు" అన్నాడు.

పదకొండేళ్ళు అడిగితే ఇవ్వనిది ఇలా వచ్చింది. సంతోషించలేకపోయాను. ఇక్కడ గాలీ మెత్తగా లేదని చెప్పాను.

"అయినా ఉంచు. నువ్వు రోజూ చూస్తావుగా" అన్నాడు.

పద్నాలుగు పదిహేనయ్యాయి.

9,225వ రోజు. తేమ పొద్దున 36, సాయంత్రం 42.

ఈ రెండు అంకెలూ సరిగ్గానే రాశాను. ఎందుకో చెబుతాను.

పోయేవేవో పోయేలోపు వాటి కథలైనా నిండుగా రాసుకుందామని, తెలిసినవాళ్ళందర్నీ రమ్మన్నాను. అయిదారుగురు వస్తారనుకున్నా. ఇరవై ముగ్గురు వచ్చారు. నాలుగు గంటలు కూర్చున్నారు. మంచం కోళ్ళ దగ్గరే గంట పట్టింది. వాటిలో తలవైపువి ఏవి, కాళ్ళవైపువి ఏవి అని వాదన. రంగు చారలు మూడున్నవి తలవైపని ఒకరు, కాదు అవి కాళ్ళవైపని ఒకరు. తిరుపతమ్మ పిన్ని అందర్నీ మాట్లాడనిచ్చి, చివరికి "మా అమ్మ ఎటు పడితే అటు పడుకునేది" అంది. నేను రెండు వాదనలూ రాసి, కింద ఆవిడ మాట కూడా రాశాను.

వాళ్ళు వెళ్ళాక మీటరు చూస్తే నలభై రెండు. పాడైందనుకున్నాను. రెండో మీటరు తీసి పెట్టాను. అదీ నలభై రెండే అంది. గది మధ్యలో నిలబడి ఊపిరి పీల్చాను. మనుషుల వాసన. వెచ్చగా, కాస్త ముక్కిపోయినట్టు, మా అమ్మమ్మ వాళ్ళింట్లో పెళ్ళి మర్నాడు ఉండే వాసన.

ఇరవై ముగ్గురి ఊపిరి.

9,226వ రోజు. తేమ 38.

ఒక్క రాత్రిలో నాలుగు పడింది. ఊరి గాలి గొట్టం షెడ్డులోని తేమ లాక్కుపోతుంది. అది దాని పని. ఆ తేమని మళ్ళీ నీళ్ళు చేసి అందరికీ పంచుతారు.

గాలి విభాగంలో జరీనా దగ్గరికి వెళ్ళాను. నెల్లూరు పిల్ల, ఊరి ఊపిరంతా ఆమె చేతిలోనే ఉంటుంది. చెప్పిందంతా విని పలక మీద లెక్క వేసింది.

"మనిషి గంటకి దాదాపు యాభై గ్రాముల నీళ్ళు గాల్లోకి వదులుతాడు రత్నక్కా. ఇరవై నాలుగు మంది, రెండు గంటలు, రోజుకి రెండు విడతలు. నీ యంత్రం పోసినంతా వాళ్ళే పోస్తారు. కానీ గాలి గొట్టం మూసెయ్యాలి."

"ముయ్యి."

"మూస్తే బొగ్గుపులుసు వాయువు లోపలే ఉండిపోతుంది. మొదటి రోజు ఏం కాదు. అయిదో రోజుకి తల దిమ్ము. ఎనిమిదో రోజుకి ఎవరో ఒకరు పడిపోతారు. అప్పుడు నా ఉద్యోగం నువ్వు చేస్తావా?"

లేచి వచ్చేశాను. నేను తలుపు దాటుతుంటే వెనకనుంచి పిలిచింది. పాత అంతరిక్ష సూట్లలో వాడే సున్నం డబ్బాలు గోదాములో మూలుగుతున్నాయట. ఆ సున్నం బొగ్గుపులుసు వాయువుని తాగేస్తుంది. పన్నెండు రోజులకి సరిపోవచ్చు.

"సరిపోతుందని మాట ఇవ్వను. సరిపోవచ్చు అంటున్నా" అంది.

9,227వ రోజు. తేమ 36.

వీరభద్రం గారికి చెప్పకుండా చేసే పని కాదు. షెడ్డులో ఆగిపోయే తేమ ఊరి నీళ్ళలో తగ్గుతుంది, రోజుకి నాలుగు లీటర్లు. కమిటీ కూర్చుంది. వచ్చి కూర్చునేవాళ్ళ వాటాలోంచే ఆ నాలుగు లీటర్లు కోసుకోవాలన్నారు. అంటే మనిషికి రోజుకి అరగ్లాసు. న్యాయమే.

భోజనాల హాల్లో కాగితం అంటించి పక్కన నిలబడ్డాను. ఇష్టమున్నవాళ్ళు పేరు రాయాలి. చంటిపిల్లనెత్తుకున్న ఒక అమ్మాయి చదివి నా దగ్గరికి వచ్చింది. "దీనికి నీళ్ళు కొలిచి పోస్తున్నా అక్కా. చెక్కకి అరగ్లాసు ఇమ్మంటే నాకు చెయ్యి రాదు" అంది.

"ఇవ్వొద్దమ్మా" అన్నాను. ఆ అమ్మాయి మాటలో తప్పు లేదు. అందుకే ఇక్కడ రాసి ఉంచుతున్నాను, ఈ పుస్తకం తర్వాత ఎవరు చదివినా తెలియాలి.

భోజనాలయ్యేసరికి కాగితంలో నూట ముప్ఫై ఎనిమిది పేర్లున్నాయి. కింద చోటు చాలక పక్కన నిలువుగా రాశారు. మొదటి పేరు మరియదాసు. రెండోది జరీనా.

9,231వ రోజు. తేమ 44.

గాలి గొట్టం మూసి, సున్నం డబ్బాలు తెరిచి ఇది నాలుగో రోజు. విడతకి ఇరవై నాలుగు మంది. పొద్దున పది నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. జనం వంతులవారీగా వస్తున్నారు. కూరగాయలు తరుగుతారు. బట్టలు కుడతారు. సత్యవోలు మేస్టారు వచ్చిన పది నిమిషాలకి గురక మొదలుపెడతారు. గురకలో తేమ ఎక్కువా తక్కువా అని జరీనాని అడిగారు. నోరు తెరిచి పడుకుంటే ఎక్కువే అంది. అప్పట్నుంచి ఆయన్ని ఎవరూ లేపడం లేదు.

ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు ఏది చూసినా ఇదేంటని అడుగుతారు. పెద్దవాళ్ళు చెబుతారు. ఒకరు చెప్పింది ఇంకొకరు దిద్దుతారు. నేను రాస్తూనే ఉన్నాను. చేద అంటే ఏంటని ఒక అమ్మాయి అడిగితే బావి గురించి చెప్పాల్సొచ్చింది. నేలలో గొయ్యి తవ్వితే నీళ్ళు ఊరతాయంటే ఆ అమ్మాయి చాలాసేపు నమ్మలేదు.

మరియదాసు బాబాయ్ రెండు విడతలకీ వస్తున్నాడు. వంతు లేకపోయినా వస్తున్నాడు. రోజుకి గ్లాసు నీళ్ళు పోతున్నాయి, వద్దు బాబాయ్ అన్నాను. "ముసలోడికి దాహం తక్కువ" అన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. రేపట్నుంచి ఆయన రెండో అరగ్లాసు నా వాటాలో రాసుకోమని నీటి గుమాస్తాకి చెప్పాను. బాబాయ్‌కి చెప్పలేదు.

9,239వ రోజు. తేమ 40.

సున్నం అయిపోయింది. సరిగ్గా పన్నెండు రోజులే వచ్చింది. ఇవాళ పొద్దుటి విడతలో ముగ్గురు తలనొప్పి అన్నారు. జరీనా వచ్చి గాలి గొట్టం తెరిచేసింది. నా మొహం చూడకుండా తెరిచింది.

ఇంకా మూడు రోజులేగా, ఎలాగో గడుస్తుందనుకున్నాను. మధ్యాహ్నం కబురొచ్చింది. బర్మా తెచ్చే బండి దుమ్ము తుఫానులో చిక్కుకుంది. ఇంకో అయిదు రోజులు ఆలస్యం.

9,242వ రోజు. తేమ 33.

ఇవాళ విడతకి నలభై మంది కూర్చున్నా అంకె కదల్లేదు. వాళ్ళు వదిలింది వదిలినట్టే గొట్టం లాగేస్తోంది.

పదకొండున్నరకి పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. అందరూ అటు తిరిగారు. మంచం కోళ్ళలో ఒకటి పైనుంచి సగం దాకా చీలింది. ఆ చీలికలో వేలి గోరు దూరుతుంది.

తిరుపతమ్మ పిన్ని ఆ విడతలోనే ఉంది. లేచి వచ్చి, కోడుని ఒళ్ళో పెట్టుకుని, చీలిక వెంబడి వేలు నడిపింది. నేను తప్పు చేసినదానిలా నిలబడ్డాను. "క్షమించు పిన్నీ" అన్నాను.

"ఇది రవణది. మా మూడోది" అంది. "దానికెప్పుడూ తొందరే. పుట్టడానికీ తొందరే, పోవడానికీ తొందరే." నా పుస్తకం వైపు చూపించి, "రాసుకో" అంది.

రాసుకున్నాను.

9,243వ రోజు. తేమ పొద్దున 32.

పొద్దున జరీనా తనే వచ్చింది. "గొట్టం తెరిచే ఉందిగా. ఇప్పుడు బొగ్గుపులుసు వాయువు భయం లేదు. నలభై కాదు, నూట యాభై మందిని పెట్టు. ఊరికే కూర్చుంటే చాలదు. చెమట పట్టాలి. గొట్టం లాగేదానికంటే మనం వదిలేది ఎక్కువైతే అంకె లేస్తుంది" అంది.

"చెమట పట్టాలంటే ఏం చెయ్యమంటావు, గంతులెయ్యమంటావా?"

"నాకేం తెలుసు. నేను లెక్క చెప్పా."

నాలుగింటికి షెడ్డు నిండిపోయింది. కాగితం మీద పేరు లేనివాళ్ళు కూడా వచ్చారు. వీరభద్రం గారు చెప్పులు బయట విడిచి ఒక మూల నిలబడ్డారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పనేం లేకుండా చెమట పట్టించుకోవడం ఎవరికి చాతనవుతుంది? ఒకాయన నిలబడ్డచోటే నడక మొదలుపెట్టి, సిగ్గుపడి ఆగిపోయాడు.

మరియదాసు బాబాయ్ అలమర దగ్గరికి వెళ్ళి డప్పు తీశాడు.

అడ్డం వెళ్ళాను. "బాబాయ్, ముప్ఫై రెండులో ఉంది. కొడితే చిరిగిపోతుంది. మ్యూజియంలో ఉన్న వస్తువుని వాడకూడదు."

"ఇది నాదేనమ్మా. దాచమని ఇచ్చాను. నోరు కట్టమని ఇవ్వలేదు."

"చిరిగితే?"

"చిరిగితే నా చేతిలో చిరుగుతది. అలమరలో చిరిగిందాని కన్నా నయం."

పక్కకి తప్పుకున్నాను. తప్పుకోకూడదు, నా ఉద్యోగం అదే. అయినా తప్పుకున్నాను.

ఆయన డప్పుని మొహం దగ్గర పెట్టుకుని, తోలు మీద నోటితో ఆవిరి వదిలాడు. అంచు చుట్టూ, బిడ్డ నుదురు తుడిచినట్టు, అరచేత్తో రుద్దాడు. మళ్ళీ ఊదాడు. చాలాసేపు అలా చేశాడు. అంతమందీ కదలకుండా చూశారు. తర్వాత భుజాన తగిలించుకుని, ఒక చేత సిర్ర అనే పొట్టికర్ర, ఒక చేత సన్నపుల్ల పట్టుకుని, తోలు మధ్యలో కాకుండా అంచుకి దగ్గరగా మెల్లగా ఒక దెబ్బ వేశాడు. ఎత్తుగా, గాజు మీద కొట్టినట్టు మోగింది. తల ఆడించి రెండోది వేశాడు.

అది పెళ్ళిదెబ్బ. వేళ్ళతో బల్ల మీద నాకు ఇంతకు ముందు చూపించలేదు, అయినా పెళ్ళిదని తెలిసింది. ముందు పెద్దవాళ్ళ కాళ్ళు కదిలాయి. తర్వాత అందరివీ. ఇక్కడే పుట్టినవాళ్ళకి అడుగు తెలియదు, పక్కవాళ్ళ కాళ్ళు చూసి వేశారు. తిరుపతమ్మ పిన్ని గోడ పట్టుకుని వేసింది. జరీనా మీటరు పట్టుకుని ఎగురుతూ అంకెలు అరిచి చెప్పింది. ముప్ఫై నాలుగు. ముప్ఫై అయిదు. బాబాయ్ మణికట్టు నొప్పికి ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. అరగంటకి మొహాలన్నీ నిగనిగలాడాయి. తోలు కాస్త మెత్తబడి, మోత కిందికి దిగింది. అప్పుడు సిర్ర మధ్యలో పడింది. ఆ దెబ్బ నా పొట్టలో తెలిసింది.

ఆరింటికి 41.

తోలు చిరగలేదు. భూతద్దం పెట్టి అంచంతా చూశాను. బాబాయ్ పక్కన కూర్చుని మణికట్టు మీద తడిగుడ్డ పెట్టుకున్నాడు. "ఉపయోగం గడిలో ఇది కూడా రాయి" అన్నాడు. ఏమని రాయాలి బాబాయ్ అన్నాను. ఇద్దరం ఆలోచించి 'మంచం కోళ్ళు చీలకుండా' అని రాశాం.

9,247వ రోజు. తేమ 38.

నాలుగు రోజులుగా సాయంత్రం నాలుగింటికి అదే పని. బాబాయ్ చెయ్యి వాచింది. వాయించడం చాతనైనవాళ్ళు ఇంకో ఇద్దరు తేలారు. వాళ్ళకి దెబ్బ సరిగ్గా పడేదాకా ఆయన పక్కనుంచి తిడుతూనే ఉన్నాడు. ఇవాళ మధ్యాహ్నం బండి వచ్చింది. రవణమ్మ కోడు తప్ప ఇంకేదీ చీలలేదు.

9,251వ రోజు. తేమ 46.

గని పనిచేస్తోంది. మ్యూజియానికి నాలుగు లీటర్లూ తిరిగి వచ్చాయి. వీరభద్రం గారు మొదటి డబ్బా తనే మోసుకొచ్చి యంత్రంలో పోశారు. కొంచెం కింద ఒలికింది. ఇద్దరం గుడ్డతో అద్ది, ఆ గుడ్డని యంత్రంలోనే పిండాం. చీలిన కోడుకి జిగురు పెట్టి దారంతో కట్టాను. చీలిక కనబడకుండా రంగు వెయ్యనా అని అడిగితే పిన్ని వద్దంది.

భోజనాల హాల్లో కాగితం తీసేసి, అందరికీ కృతజ్ఞతలు, ఇంక రానక్కర్లేదు అని ఇంకో కాగితం అంటించాను.

9,252వ రోజు. తేమ పొద్దున 46, పన్నెండింటికి 57.

పదింటికి దుమ్ము తుడుస్తుంటే తలుపు చప్పుడైంది. ముందు సత్యవోలు మేస్టారు, చంకలో దిండుతో. వెనక తిరుపతమ్మ పిన్ని, తరగడానికి గంపెడు ఆకుకూర. ఆ వెనక జనం. కాగితం చూడలేదా అంటే చూశామన్నారు. చాపలు వాళ్ళే పరుచుకున్నారు.

పదకొండున్నరకి మీటరు యాభై మూడు దాటింది. అరవై దాటితే తోలుకి బూజు పడుతుంది. ముప్ఫై మూడు రోజుల్లో మొదటిసారి ఎక్కువైందని చెప్పాల్సొచ్చింది. "రేపట్నుంచి సగం మందే రండి. సగం మంది మానెయ్యాలి" అన్నాను.

సరే అన్నారు. ఎవరు మానెయ్యాలన్నది తేలలేదు. మరియదాసు బాబాయ్ తనకి రెండు విడతల హక్కుందన్నాడు. మేస్టారు నిద్రలోంచి లేచి తన వంతు వదలనన్నారు. వాళ్ళు వాదించుకుంటూ ఇంకో గంట కూర్చున్నారు. నేను వెళ్ళి తేమ యంత్రం ఆపేసి వచ్చి, వాళ్ళ మధ్యలో చోటు చేసుకుని ఆకుకూర తరగడానికి కూర్చున్నాను.